జానకి పొయ్యి మీది పొగగొట్టం

పూండి స్టేషన్లో రైలు దిగి సముద్రం వైపు నడిచేవాళ్ళకి, కొబ్బరితోటల మధ్య ఒక పాత పెంకుటింటి కప్పు మీద ఇటుకల పొగగొట్టం ఒకటి కనిపించేది. నల్లగా, నిగనిగలాడుతూ, అప్పుడే చెరువులోంచి లేచిన గేదెలా ఉండేది. కొత్తవాళ్ళు దాన్ని చూసి ఏదో ఫ్యాక్టరీ అనుకునేవారు. ఫ్యాక్టరీ కాదు, పాడూ కాదు. అది సోమేశ్వరరావు ఇల్లు. ఆ గొట్టం కింద ఉన్నది ఆయన భార్య జానకి జీడిపిక్కలు కాల్చే పొయ్యి.

పలాసలో ఇప్పుడు పిక్కల్ని ఆవిరి మీద ఉడికించి కోస్తున్నారు. పప్పు తెల్లగా, విరక్కుండా వస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, కాదనలేం. కానీ ఇనప పెనంలో తన నూనెలో తానే కాలిన పిక్క ఉందే, దాని లోపలి పప్పుకి ఒక వాసన ఉంటుంది. అది ఒకసారి నాలుక్కి తగిలినవాళ్ళు ఆవిరి పప్పు నోట్లో వేసుకుని పెదవి విరుస్తారు. అలాంటి నాలుకలవాళ్ళు టెక్కలిలో ఉన్నారు, కంచిలిలో ఉన్నారు, విశాఖపట్నంలోనూ ఉన్నారు. వాళ్ళంతా అడిగేది జానకి పప్పు. అత్త అప్పలనరసమ్మ దగ్గర నేర్చుకున్న పని అది. అత్త పోయాక పనీ జానకిదే అయింది, పేరూ జానకిదే అయింది.

అంతా బాగానే ఉంది గాని, గొట్టం కారేది. తిత్లీ తుపాను తోటలో చెట్లన్నిట్నీ పడుకోబెట్టి, గొట్టాన్ని మాత్రం ఏమీ చెయ్యలేక, దాని తల మీద, పొగ పోయే పక్క సందుల పైన కప్పిన పలకని చీల్చి పోయింది. అప్పట్నుంచీ వానాకాలం వస్తే పొయ్యిలోకి చుక్కలే చుక్కలు. బూడిద ముద్దయ్యేది, పప్పుకి చెమ్మ పట్టేది. జానకి సణుక్కుంటూ నెట్టుకొచ్చేది. ఇంట్లో ఎవరూ దాన్ని పెద్ద విషయంగా చూడలేదు.

ఈ ఏడు ఉగాది వెళ్ళాక పెద్ద విషయమే అయింది. అకాలపు వాన ఒకటి పడి వెలిసింది. ఆ తర్వాత ఒక పొద్దున పెనం నిండా పిక్కలు భగ్గుమని కాలుతుండగా, పైనుంచి ఒక చుక్క అందులో పడింది. జీడితొక్కలో నూనె మంట మీదుండగా నీరు తగిలితే ఊరుకుంటుందా? మంట ఒక్కసారిగా ఎగిరి జానకి కొంగు అందుకుంది. అరుగు మీదున్న సోమేశ్వరరావు పరుగెత్తుకొచ్చి, పక్కనే కుప్పగా ఉండే ఇసుక దోసిళ్ళతో ఎత్తి పోశాడు. కొంగు అంచు కాలింది, చేతి మీద నూగు మాడింది. అంతకంటే ఏమీ కాలేదు జానకికి. అయినదంతా ఆయనకే అయింది.

సోమేశ్వరరావుకి కోపం వస్తే మీసం దువ్వుతాడు. భయం వేసినా మీసమే దువ్వుతాడు. రెండిటికీ తేడా తెలిసిన మనిషి ఈ భూమ్మీద జానకి ఒక్కతే. ఆ పూట మీసం దువ్వుతూనే తీర్పు చెప్పేశాడు.

"మృగశిర వొచ్చీలోగా ఆ గొట్టం కారడం మానాల. ఆ తరవాత ఒక్క సుక్క పడితే కూల్పించెత్తాను. పొయ్యి లేదు, పెనం లేదు."

జానకి సరేనంది. ఎందుకందంటే ఆ దువ్వడం భయంతోనని ఆమెకి తెలుసు. అనేశాక మాత్రం పెనం వైపు చూసింది. ఆ పొయ్యి పోతే తనకి మిగిలేదేమిటి? వంటిల్లు, చాకిరీ, పొద్దుటి కాఫీ నుంచి రాత్రి ఎంగిలి కంచాల దాకా. అందులో తప్పు లేదు, అందరాడవాళ్ళూ చేస్తున్నదే. కానీ పెనం ముందు కూర్చుని, పిక్క ఏ క్షణంలో దింపాలో పొగ రంగు చూసి చెప్పగలిగేది ఆ చుట్టుపక్కల తనొక్కతే. అది పోతుందంటే ఆమెకి నిజంగానే భయం వేసింది.

ఇక గొట్టం బాగుచేసే మనిషి సంగతి. తాపీమేస్త్రీ అప్పలసూరి ఒడ్డున చేపల వేటకెళ్ళే వాళ్ళ ఊరివాడు. తండ్రి, తాత, అన్నలు, అందరూ సముద్రం మీద బతికినవాళ్ళే. సూరికి మాత్రం సముద్రం పడలేదు. పడవెక్కితే చాలు, పేగులు నోట్లోకి వచ్చేవి. చేపపిల్లకి ఈత రాకపోవడం ఎక్కడైనా చూశామా అని ఊరంతా నవ్వితే, ఆ నవ్వు పడలేక తాపీ పట్టాడు. పని నేర్చాడు, మంచి పేరు తెచ్చుకున్నాడు. అయినా బుర్రలోంచి పడవ దిగలేదు. చెక్క పడవకి నీరు పట్టకుండా వాళ్ళు ఏటా జీడినూనె పట్టిస్తారు. చెక్కని కాపాడిన నూనె ఇటుకని కాపాడదా అని సూరి నమ్మకం. అందుకే తుపాను మర్నాటి నుంచీ, తల మీది చీలికలో సిమెంటు కూరడం, గొట్టం చుట్టూ పైనుంచి కిందిదాకా జీడినూనె పూయడం అతనికి ఏటేటా పండగలా తప్పని పనైంది.

నూనె ఇచ్చేది జానకే. కాలిన తొక్కల్లోంచి కారింది ఆమె దగ్గర డబ్బాల్లో ఊరికే పడుండేది. అది ఒంటికి తగిలితే పొక్కుతుంది, సూరి చేతులు ఏటా పొక్కేవి. అయినా ఈ పనికి కూలి పుచ్చుకునేవాడు కాదు. ఆ ఊళ్ళలో అక్కని అప్ప అంటారు. జానకి తనకి అప్ప వరస అనీ, అప్ప ఇంటి గొట్టానికి కూలేమిటనీ అనేవాడు. ఈ ఏడు సోమేశ్వరరావు తీర్పు సంగతి విని మరీ పట్టుదలగా వచ్చి, ఒక పూత ఆరాక ఇంకో పూత వేసి, ఇంక ఆ దేవుడు దిగొచ్చినా ఇందులోకి నీరు దూరదని చెప్పి వెళ్ళాడు.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఈ ఏడు ఆ కార్తె రాకముందే రోళ్ళు పగిలేంత ఎండ కాసి కాసి, ఒక సాయంత్రం ఒడిశా కొండల వైపు నుంచి గాలివాన దిగింది. జానకి పెనం బోర్లించి పొయ్యి ముందే కూర్చుంది. వాన దంచి కొట్టింది. ఒక్క చుక్క పడలేదు. సూరి చల్లగా ఉండాలని మనసులో దీవించింది. మర్నాడంతా నిప్పులు చెరిగే ఎండ. ఆ మరుసటి పొద్దున ఆకాశంలో మేఘం ముక్క కూడా లేనప్పుడు ధైర్యంగా పొయ్యి రాజేసింది. ఇటుకలు వేడెక్కాయి. టప్ మని నల్లటి చుక్క ఒకటి పెనం మీద పడి చుయ్యిమంది. వెనకే ఇంకొకటి.

జానకి వెంటనే మంట ఆర్పేసి, అక్కడే పీట మీద కూలబడింది. వానలో కారనిది ఎండలో ఎందుకు కారుతోంది? ఆలోచిస్తూ కూర్చుంటే, ఉగాది తర్వాత కొంగు అంటుకున్న పొద్దుటా వాన లేదన్నది గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ వానాకాలంలో కారుతోందని గొణగడమే గాని, ఏ క్షణంలో కారుతోందో ఎవరూ చూడలేదు.

ఎదురుగా మూల మంచినీళ్ళ కుండ ఉంది. దాని ఒంటి నిండా చెమట. కుండ చెమట పడితేనే నీళ్ళు చల్లబడతాయి. ఆ కుండకే బైట నూనె పట్టిస్తే చెమటకి దారేది? జానకికి ఒక్కసారిగా సంగతంతా అర్థమైంది. తల మీది చీలికలోంచి దిగిన నీరు ఇటుకల్లో నిలిచిపోతోంది. ఎండకి బైటికి ఆరిపోవాల్సింది, చుట్టూ నూనె పూత ఉండేసరికి ఆరలేక లోపలే ఉండిపోతోంది. కింద పొయ్యి వెలిగించగానే ఇటుక కాగి, నీటికి మిగిలిన ఒక్క దారీ పట్టుకుని లోపలికి కారుతోంది. ఏటేటా పూత పెరిగేకొద్దీ కారడం పెరిగిందే తప్ప తగ్గలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

అనుమానం తీరడానికి, పెరట్లో నూనె డబ్బాల కింద ఉండి నూనె పీల్చి నల్లబడ్డ ఒక ఇటుక మీద సున్నం, సిమెంటు కలిపి పూసి ఆరబెట్టింది. సాయంత్రానికి అది పెనం మీంచి అట్టు లేచినట్టు లేచొచ్చింది. అంటే సూరి చీలికలో కూరిన సిమెంటు కూడా ఏ ఏడూ అతుక్కోలేదన్నమాట. తప్పు సూరి ఒక్కడిది కాదు. నూనె డబ్బా చేతికందించింది తను. తిలాపాపం తలా పిడికెడు.

కబురు పంపితే సూరి బండేసుకుని వచ్చాడు. మజ్జిగ గ్లాసు అతని ముందు పెట్టి, జానకి మాటలు ఏరుకుని ఏరుకుని మొదలెట్టింది.

"సూరీ, కోపం తెచ్చుకోకు. మన నూనే ఈ గొట్టాన్ని తడిపెత్తంది."

"నూనె తడుపుతాదేటప్పా? పడవకి పనికొచ్చింది గోడకి పనికిరాదేటి?"

"పడవకి నీరు బైటనుంచి వొత్తాది. దీనికి నెత్తి మీంచి దిగి లోపలుండిపోతంది. అది ఎల్లే దారి మనమే మూసీసినాం."

సూరి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, మజ్జిగ ముట్టకుండా లేచిపోయాడు. జానకి ఆ గ్లాసు తీసి లోపల పెట్టింది. సముద్రం మీదికి పోలేని మనిషికి పడవతో మిగిలిన చుట్టరికం ఆ నూనె ఒక్కటే. దాన్నే తను కాదంది.

తర్వాత ఎన్ని కబుర్లంపినా సూరి రాలేదు. వేరే మేస్త్రీలు వచ్చి, గొట్టం మీది నల్ల పూత చూసి, మా చేతులు మాకు కావాలమ్మా అని వెనక్కి తిరిగారు. మృగశిర దగ్గర పడుతోంది. సోమేశ్వరరావు గునపాలవాళ్ళకి కబురు పెట్టేశాడు. వాళ్ళెప్పుడొస్తారో ఇంట్లో చెప్పలేదు గాని, పొయ్యి వైపు రావడం మానేసి తోటలోనే పొద్దుపుచ్చడం చూసి జానకి కనిపెట్టింది. ఆమెకి అన్నం సయించలేదు.

అలాంటి ఒక పొద్దున, కల్లాపి చల్లుతుండగా సూరి బండి చప్పుడైంది. దిగీ దిగకుండానే చెప్పాడు.

"అప్పా, మా అన్న పాత పడవ ఒడ్డున పడుంది. చెక్కలు ఊడదీసి సూసినాను. నూనె పట్టించిన బైటవైపు ఇనుములాగుంది. లోపల నీరు నిలిసిన వైపు ఏలెడితే దిగిపోతంది. పడవ ఎప్పుడూ లోపల్నుంచే కుళ్తాది. పుట్టినకాడ్నించి సూత్తన్నదే, బుర్రకెక్కలేదు."

అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జానకి లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చింది. ఈసారి తాగాడు. తాగి, గొట్టం వైపు చూస్తూ అసలు సంగతి చెప్పాడు. నూనె తాగిన ఇటుక కడిగితే పోదు. దాన్ని కప్పు దాకా పూర్తిగా విప్పెయ్యాలి. కొత్త ఇటుకతో మళ్ళీ లేపాలి. తల మీద గొట్టం కంటే వెడల్పు పలక, వాలుగా పోసి, నీరు గోడకి తగలకుండా దూరంగా పడేలా అంచు తీయాలి. పెంకులు గొట్టాన్ని తాకే చోట ఇటుకలో గాడి కొట్టి జింకు రేకు దూర్చాలి. ఇవన్నీ చేస్తే కారదు. నూనె మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు.

బాగు చెయ్యాలంటే ముందు కూల్చాలన్నమాట. జానకికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన కోరుతున్నదే తను వెళ్ళి అడగాలి. ఒకసారి కూలిందంటే మళ్ళీ లేవనిస్తాడన్న నమ్మకం ఆమెకి లేదు. అయినా అడగక తప్పదు.

సోమేశ్వరరావు తోటలో కొబ్బరికాయలు రాశి పోయిస్తున్నాడు. జానకి వెళ్ళి కూలీలు అటు వెళ్ళేదాకా ఆగి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన అంతా విన్నాడు.

"కూల్సుకో. నానడిగిందీ అదే గదా. మల్లీ లేపడమెందుకు? ఇంట్లో గింజలకి కరువొచ్చిందేటి?"

"కరువు కాదు. ఇంట్లో నాను నీ పెళ్ళాన్ని, నీ పిల్లలకి తల్లిని. ఆ పొయ్యి కాడ నాను జానకిని. ఆ ఒక్క సోటే ఉంది నాకు. దాన్ని తీసీకు."

ముప్పై ఏళ్ళ కాపురంలో జానకి ఇలాంటి మాట అనలేదు. ఆయన మీసం మీదికి చెయ్యి వెళ్ళింది. అది కోపం కాదని ఆమెకి తెలుసు.

"నీ కొంగు అంటుకున్నప్పుడు నా పేణం పోనాది. నీకు తెల్దు."

"తెలుసు. అందుకే కారకుండా కట్టించమంటన్నాను. కట్టినాక కూడా ఒక్క సుక్క పడితే నాను అడ్డురాను. గునపం నానే అందిత్తాను."

ఆయన రాశిలోంచి జారిన కాయలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ పైన పెట్టాడు. చివరికి కట్టుకోమన్నాడు. గునపాలవాళ్ళని మాత్రం పూర్తిగా వద్దనలేదు, వాన పడేదాకా ఆగమన్నాడు.

సూరి చేతులకి కొబ్బరినూనె దట్టంగా రాసుకుని, పైన ప్లాస్టిక్ సంచులు కట్టుకుని కప్పెక్కాడు. నల్ల ఇటుకలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. విప్పుతున్నకొద్దీ వాటి లోపలి వైపు నుంచి తడి కారడం సోమేశ్వరరావు కూడా చూశాడు. గొట్టం పోయాక పొయ్యి మీద ఉత్త చిల్లు మిగిలింది, అందులోంచి ఆకాశం కనిపించింది. ఆ చిల్లు చూసినప్పుడల్లా జానకి తల తిప్పుకునేది.

కొత్త ఇటుకల్ని నీళ్ళలో నానబెట్టి, సున్నం పాలు ఎక్కువ కలిపిన ముద్దతో సూరి వరస మీద వరస పేర్చాడు. తొందరపెడితే వినేవాడు కాదు. సోమేశ్వరరావు మామిడిచెట్టు కింద కుర్చీ వేసుకుని, గొట్టం ఒకసారి పలాస వైపు వంగిందనీ ఇంకోసారి సముద్రం వైపు వంగిందనీ కేకలేసేవాడు. సూరి తూకం గుండు వేలాడదీసి, వంగింది బావ మెడేనని నవ్వేవాడు. పలక పోయడం, రేకు దూర్చడం అయ్యాక, పని పూర్తయిన అలవాటులో అతని చెయ్యి నూనె డబ్బా కోసం వెతికింది. వెతికి, ఆగి, తనలో తనే నవ్వుకుని కిందికి దిగాడు. గొట్టం పచ్చి ఎరుపులో బోసిగా ఉంది.

మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందంటారు. ఈ ఏడు కార్తె ప్రవేశించిన పూటే వాన మొదలై, మర్నాటి మధ్యాహ్నందాకా విడవకుండా పోసింది. సోమేశ్వరరావు గొడుగు పక్కన పడేసి పొయ్యి దగ్గర నిలబడి, గొట్టంలోకి తల పెట్టి చూశాడు. పొడి. బూడిద కూడా పొడిగానే ఉంది. పరవాలేదే, సూరిగాడు నిలబెట్టాడని ఒప్పేసుకున్నాడు.

జానకి ఆ మాట విని ఊరుకుంటే సరిపోయేది. గొట్టం దక్కేది, గునపాలవాళ్ళు ఇంకో ఊరు చూసుకునేవారు. కానీ ఆమె నోరు ఊరుకోలేదు. ఇది వానలో ఎప్పుడూ కారలేదనీ, వెలిసి, ఎండ కాసి, పొయ్యి రాజేశాకే కారేదనీ, ఆ పరీక్ష ఇంకా కాలేదనీ చెప్పేసింది. సోమేశ్వరరావు ఆమెని ఎగాదిగా చూశాడు. అయితే ఆ పూట తనే దగ్గర కూర్చుంటానన్నాడు.

ఎండ బాగా ముదిరాక ఆ పూట వచ్చింది. సూరి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు, లోపలికి రమ్మంటే రాలేదు. జానకి ఉత్త పెనం పొయ్యి మీద పెట్టి నిప్పు రాజేసింది. సోమేశ్వరరావు ఆమె పీట లాక్కుని పొయ్యికి ఆనుకుని కూర్చుని, ఇదివరకు చుక్క పడే చోటికి సరిగ్గా అరచెయ్యి చాపాడు. సెగ తగులుతుంది, కాస్త వెనక్కి జరగమని జానకి అంది. ఆయన జరగలేదు.

మంట అందుకుంది. పొగ గొట్టంలోకి నిటారుగా లేచింది. ఇటుకలు కాగడం మొదలైంది. సూరి తువ్వాలు కొస నోట్లో పెట్టుకుని నములుతున్నాడు. పెనం ఎర్రబడేదాకా ఆగారు. ఇంకా కాసేపు ఆగారు.

అప్పుడు ఆయన అరచేతిలో ఒక చుక్క పడింది.

సూరి కళ్ళు మూసుకున్నాడు. ఇన్నాళ్ళ పాటూ ఇంతేనా అనిపించింది జానకికి. కానీ ఇచ్చిన మాట ఇచ్చిందే. గునపం ఎక్కడుందో ఆమెకి తెలుసు. లేవబోయింది.

సోమేశ్వరరావు తలెత్తి గొట్టంలోకి చూశాడు. ఇటుక ఎండుగా, ఎర్రగా, ఎక్కడా చెమ్మ లేకుండా ఉంది. మళ్ళీ తల వంచి చేతి వైపు చూసేసరికి ఇంకో చుక్క పడింది. ఆయన ముక్కు కొస మీంచి. తడుముకున్నాడు. నుదురు, చెంపలు, మెడ, మీసం, అన్నీ చెమటతో ధారలు కడుతున్నాయి. చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

ముందు సూరి నవ్వాడు. జానకి కొంగుతో మొగుడి మొహం తుడుస్తూ, ఏడుస్తోందో నవ్వుతోందో తనకే తెలియని స్థితిలో ఉంది. సోమేశ్వరరావు మాత్రం నవ్వలేదు. తడిసిన అరచెయ్యి చూసుకున్నాడు, మంట చూశాడు, తను కూర్చున్న పీట చూశాడు.

"రోజూ ఇంత సెగ కాడ కూకుంటన్నావేటి నువ్వు?" అన్నాడు.

"ఇది ఉత్త పెనం," అంది జానకి. "ఇంకా పిక్కలెయ్యలేదు."

ఆయన లేవలేదు. కొంచెం పక్కకి జరిగి ఆమెకి చోటిచ్చాడు. జానకి పిక్కల తట్ట అందుకుంది.